అడ్జస్ట్ అయిపో తల్లీ

ఇంగ్లీషు క్రియాపదాల్లో నాకు ఒళ్ళుమంట తెప్పించేది ఒకటే ఉంది. అడ్జస్ట్. ఇరవై ఏళ్ళకు పైగా బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి ఒక మాట మీద పగపట్టడం బాగుండదని తెలుసు. అయినా పట్టాను. పాఠంలో ఆ మాట వచ్చినప్పుడు "చిన్న మార్పు చేసి సరిగ్గా కుదర్చడం, రాసుకోండి" అనేసి, పక్క వాక్యంలోకి దూకేదాన్ని. సొంతవాక్యం రాయమంటే పిల్లలందరూ బస్సులో సీటు గురించే రాసేవారు.

నిఘంటువు చూస్తే అది ఎక్కువగా వస్తువులకు చేసే పని. గడియారం ముల్లు రెండు నిమిషాలు ముందుకు జరపడం, కుట్టుమిషను దారం బిగువు తగ్గించడం, ముక్కు మీద కళ్ళజోడు సరిచేసుకోవడం. మనుషులకు కూడా వాడతారు గానీ, కొత్త చోటికి ఎవరికి వాళ్ళు అలవాటు పడటానికి వాడతారు. మా విశాఖపట్నంలో అలా కాదు. ఇక్కడ అది ఎప్పుడూ ఎదుటివాళ్ళకు చెప్పే మాట. గోపాలపట్నంలో బస్సెక్కితే, ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరకు నాలుగో ఆవిడ వచ్చి "కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా" అంటుంది. అడిగినావిడ హాయిగా కూర్చుంటుంది. విన్నావిడ ఒక కాలు దారిలో పెట్టుకుని ఊరంతా సగం గాల్లో ప్రయాణం చేస్తుంది.

ఇంటి ఓనరు కుళాయి రోజు విడిచి రోజు వదులుతూ ఇదే అంటాడు. పెళ్ళిభోజనంలో గుత్తివంకాయ అయిపోతే వడ్డించేవాడు ఇదే అంటాడు. నా పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నా చదువు సంగతి అడగలేదు, వంట సంగతి అడగలేదు. "పిల్ల అడ్జస్ట్ అవుతాదా?" అని మా అమ్మను అడిగారు. "ఓ, బాగా అవుతాది" అంది మా అమ్మ. మా అమ్మకు వచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ కలిపితే పది ఉండవు. అందులో ఇదొకటి.

అలా నేను డెబ్బైల మొదట్లో, ఇంటర్మీడియట్ చదివి, భీమునిపట్నం నుంచి గోపాలపట్నం కాపురానికి వచ్చాను. రెండు వాటాల పెంకుటిల్లు. ఒక వాటాలో మేము. పెరట్లో నడుమెత్తు గోడ, గోడకు అటుపక్క రెండో వాటా. మా ఆయన పోర్టులో ఓడల మీద సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో వించి నడిపేవారు. వించి అంటే ఓడ డెక్కు మీద ఉండే యంత్రం. ఇనప తాడుతో బరువులెత్తి దించుతుంది. చేతి కింద మీట, కాలి కింద బ్రేకు.

పక్క వాటాలో ఉండే ఆయనదీ అదే కంపెనీ, అదే పని. వాళ్ళు క్రైస్తవులు. మగవాళ్ళిద్దరూ ఒకరినొకరు "బావా" అనుకునేవారు కాబట్టి నేను ఆయన్ను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను "సెల్లెమ్మా" అనేవాడు. ఆయన భార్య నాకు వదిన. వరసలు కలుపుకున్నాక కూరగిన్నెలు కూడా కలిసిపోయాయి. వదిన చేపల పులుసు పెడితే సగం గిన్నె గోడ మీంచి మా ఇంటికి వచ్చేది. నేను చేసిన పప్పుచారు మాత్రం పిల్లలకు జ్వరం వస్తేనే అడిగేది. అదేమంటే ఎగతాళిగా, "నీ సారు మందులాగుంటాది ఒదినా" అనేది.

పండగలకు సెలవు కావాలని అర్జీ పెడితే కంపెనీలో పదిమందిలో ఇద్దరికే ఇచ్చేవారు. అందుకని మగవాళ్ళు అర్జీలు మానేసి తమ పద్ధతి తాము పెట్టుకున్నారు. క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ హిందువులు వెళ్ళి క్రైస్తవుల డ్యూటీ చేసేవారు. దీపావళికీ ఊరి అమ్మవారి పండగకీ క్రైస్తవులు వచ్చి హిందువుల డ్యూటీ చేసేవారు. ప్రతి పనివాడికీ నెంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండేది. గేటు దగ్గర ఆ బిళ్ళ ఇస్తే ఆ నెంబరు మనిషి పనిలో ఉన్నట్టు లెక్క. ముఖం ఎవరూ చూసేవారు కాదు. పండగ ముందురోజు సాయంత్రం మా పెరటి గోడ మీంచి బిళ్ళ చేతులు మారేది. మేస్త్రీకి తెలుసు. ఆయనే దానికి పండగ అడ్జస్ట్‌మెంటు అని పేరు పెట్టాడు.

నిజం చెప్పొద్దూ, అది చూసి నేను మురిసిపోయేదాన్ని. దేవుళ్ళు వేరైనా పండగలు చెడగొట్టుకోకుండా ఎంత తెలివిగా బతుకుతున్నారో అనుకునేదాన్ని. మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను.

ఆ ఏడు నాగుల చవితికి మా ఆయనకు పొద్దుటి షిఫ్టు పడింది. ముందురోజే బిళ్ళ అన్నయ్యకిచ్చారు. వదిన పిల్లల్ని తీసుకుని భీమునిపట్నంలో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. పొద్దున్నే అన్నయ్య క్యారేజీ కట్టుకుంటూ గోడ అవతల నుంచి, "పాముకి నా పేరు కూడా సెప్పు సెల్లెమ్మా, నాను దాని జోలికి రానని" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేను తలస్నానం చేసి, ఉపవాసంతో, చలిమిడి ముద్దలు చేసి, చెంబులో పచ్చిపాలు పోసుకుని కూర్చున్నాను. మా ఆయన కొంచెం బద్ధకస్తుడు. నూతి దగ్గర ఇంకా నీళ్ళు పోసుకుంటున్నారు. పది దాటిందేమో. వీధిలో జీపు ఆగింది. లోపల్నుంచి కంపెనీ గుమాస్తా దిగాడు, కొత్త కుర్రవాడు, ఎప్పుడూ చూడలేదు. చేతిలో చీటీ మీద మా ఆయన పేరు, ఇంటి నెంబరు చదివాడు.

"వారి భార్య మీరేనాండి?"

"నేనే."

"కంగారు పడకండమ్మా. మీ ఆయనకి దెబ్బ తగిలింది. బరువు కట్టిన స్లింగు తాడు తెగి ఇనప దూలాలు కాలి మీద పడ్డాయి. హాస్పిటల్లో ఉన్నారు. మీరు వెంటనే రావాలి."

నాకు మొదట నవ్వొచ్చింది. ఇప్పటికీ సిగ్గుపడతాను, కానీ నవ్వే వచ్చింది. పెరట్లో చేద నూతిలో పడిన చప్పుడు ఇంకా వినిపిస్తోంది. ఆ దెబ్బ తగిలినాయన ఒళ్ళు రుద్దుకుంటూ ఉన్నాడు. "కాదు బాబూ, మా ఆయన ఇంట్లోనే..." అనబోయి వెనక్కి తిరిగాను. పెరటి గుమ్మంలో తడితువ్వాలుతో మా ఆయన నిలబడి ఉన్నారు. మొత్తం విన్నారు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఒక్కసారి కాదు, ఆపకుండా ఊపుతూనే ఉన్నారు.

అప్పుడు అర్థమైంది, ఆ కాలు ఎవరిదో. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ కుర్రవాడు నేను మొగుడి గురించి అలా అయిపోయానని "పాపం, మంచినీళ్ళు తాగండమ్మా" అన్నాడు. చీర మార్చుకుంటానని చెప్పి లోపలికి వెళ్ళాను.

మా ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. గొంతు బయటికి వినిపించకుండా, "నాను ఇంట్లో ఉన్నానని తెలిస్తే నా ఉజ్జోగం పోతాది. బావ నా బిళ్ళ మీద పని సేసినాడని ఆడి ఉజ్జోగమూ పోతాది. దెబ్బ తిన్నోడికి మందులిప్పించీవోడు కూడా ఉండడు. నువ్వెల్లు. నాను బీమిలి ఎల్లి ఒదిన్ని తీసుకొచ్చెత్తాను" అన్నారు. తువ్వాలు విప్పి పంచె కట్టుకుని పెరటి తలుపు తీసుకుని బస్సు కోసం పరుగెత్తారు. నన్ను పెళ్ళాడిన మనిషి, బతికున్న మనిషి, దొంగలా వెనక దారిన వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. చెంబులో పాలు అలాగే ఉండిపోయాయి.

జీపులో దారంతా ఒకటే అనుకున్నాను. వదిన వచ్చేదాకా ఆయన పక్కన కూర్చుంటే చాలు. అంతకు మించి నాతో పనేముంటుంది?

అది ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. వరండాలో మేస్త్రీ ఉన్నాడు. యాభై దాటిన మనిషి, తలపాగా చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు. లోపల బల్ల మీద అన్నయ్య. దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట వంకరగా ఏదో ఉంది, నేను చూడలేకపోయాను. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

"సెల్లెమ్మా" అన్నాడు నన్ను చూసి.

పక్కనున్న నర్సు ఉలిక్కిపడి నా వైపు చూసింది. అక్కడ చీటీ మీద ఆయన పేరు బదులు మా ఆయన పేరు ఉంది. నేను ఆ పేరుగల మనిషికి భార్యను. భర్త భార్యను చెల్లెమ్మా అంటున్నాడు. ఆ నర్సే తనకు తాను సర్దిచెప్పుకుంది. "నొప్పికి సూది వేశామమ్మా, మత్తులో ఏదేదో అంటారు. బెంగపడకండి" అంది.

అన్నయ్య నా చీరకొంగు పట్టుకున్నాడు. "కాలు తీసెత్తామంతన్నారు. తియ్యనీకు సెల్లెమ్మా. బ్రేకు తొక్కలేను. కాలు లేనోడికి వించి ఎవుడిత్తాడు. నీ కాల్లట్టుకుంటాను, తియ్యనీకు." ఆ మాట స్పష్టంగా అన్నాడు. మత్తులో అన్న మాట కాదది. నాకు తెలుసు. "సరే అన్నయ్యా" అన్నాను. చెవి దగ్గరకు వంగి అన్నాను, నర్సుకు వినిపించకుండా.

డాక్టరు బయటకు పిలిచాడు. మంచి మనిషే, కసురుకోలేదు. మోకాలి కింద ఎముక పిండైపోయిందనీ, నెత్తురు ఆగడం లేదనీ, కాలు తియ్యకపోతే ప్రాణానికి పూచీ లేదనీ చెప్పాడు. "గంట కూడా ఆగలేము. మీరు ఆయన భార్యే కదా? ఇక్కడ సంతకం చెయ్యండి."

వదిన రావాలంటే భీమునిపట్నంలో మా ఆయన దిగాలి, ఆమెను వెతకాలి, మళ్ళీ బస్సు దొరకాలి. సాయంత్రం అవుతుంది. "నేను ఈయన భార్యను కాను" అని నోటి చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? మరి ఈయనెవరు, బిళ్ళ ఎవరిది, ఆ బిళ్ళవాడు ఎక్కడ అని మొదలవుతుంది. ఆ గొడవ తేలేసరికి ఆ నెత్తురు ఆగుతుందా? మేస్త్రీ వైపు చూశాను. ఆయన దగ్గరకొచ్చి, నేల చూస్తూ, చిన్నగా అన్నాడు.

"అడ్జస్ట్ అయిపో తల్లీ. రెండు కుటుంబాలు."

నేను ఎన్నో చోట్ల ఎన్నోసార్లు విన్న మాట. బస్సులో విన్నాను, పంక్తిలో విన్నాను, పెళ్ళిచూపుల్లో విన్నాను. ఇప్పుడు ఒక మనిషి ఆ మాటతో నన్ను ఇంకొకరి పెళ్ళాంగా మారమంటున్నాడు. నేను అన్నయ్యా అని పిలిచే మనిషికి. సీటులో కొంచెం జరగమన్నంత తేలిగ్గా అన్నాడు. అంతకంటే నన్ను దిగ్భ్రమ పరిచింది ఏమిటంటే, నేను జరిగాను.

"అవునండి, భార్యనే" అన్నాను. కలం తీసుకున్నాను. నాగుల చవితి నాడు మా ఇంట్లో కత్తిపీట ముట్టరు, కాయగూర కూడా కొయ్యరు. ఆ పొద్దున మా ఇంట్లో వంకాయ ముట్టని దాన్ని, ఒక మనిషి కాలు కొయ్యమని కాగితం మీద సంతకం చేశాను. నా పేరు రాశాను. కింద భార్య అని రాశాను. అక్షరాలు కొంచెం కూడా వణకలేదు. ఆయన వద్దన్నాడని డాక్టరుకు చెప్పలేదు. చెప్పాలని కూడా నాకు తోచలేదు.

తలుపులు మూశారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. మేస్త్రీ టీ తెప్పించాడు. ఉపవాసం సంగతి మరిచిపోయి తాగేశాను.

సాయంత్రానికి వదినను తీసుకుని మా ఆయన వచ్చారు. ఆయన గేటు బయటే ఆగిపోయారు, లోపలికి రాలేదు. వదిన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది. ఆమెకు దారిలో సగమే చెప్పినట్టున్నారు. నేను దాచలేదు. వరండాలో నిలబెట్టి చెప్పేశాను.

"ఒదినా, కాలు తీసీసినారు. సంతకం నాను పెట్టాను. నీ బదులు, పెళ్ళాన్నని సెప్పి."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు చూసింది, సిరా మరక ఏమైనా ఉందా అన్నట్టు.

"బతికినాడా?"

"బతికినాడు."

"అయితే నానే పెట్టినాను" అంది. "ఎవులడిగినా నానే. ఆయనికి సెప్పకు. నీ మీద, బావ మీద కోపం పెంచుకుంటే ఈ ఊళ్ళో మాకింకెవులున్నారు? పైగా పెళ్ళాన్నని రాసినావని తెలిత్తే వీదిలో నోళ్ళు ఊరుకోవు. నీకూ సెడ్డ, నాకూ సెడ్డ."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. కాలు తియ్యొద్దని అన్నయ్య నా కొంగు పట్టుకున్న సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. చెప్పబోయాను గానీ, ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి చెప్పబోలేదు.

మూడో రోజు అన్నయ్యకు పూర్తిగా తెలివొచ్చింది. నేను క్యారేజీ తీసుకెళ్ళి తెర ఇవతల ఆగిపోయాను. లోపల మాటలు వినిపించాయి.

"ఎవులు ఒప్పుకున్నారు?"

"నానే."

"నువ్వా?"

"నానే. నీ పానం ముక్కెం కాదా?"

ఆయన ఇంకేమీ అడగలేదు. నేను తెర తీసుకుని లోపలికి వెళ్ళాను. "రా సెల్లెమ్మా" అన్నాడు, ఎప్పటిలాగే. నా గుండె మీంచి బండ దిగింది. గండం గడిచింది అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఇవాళ నాకు అసహ్యంగా ఉంది.

కాగితాలు చకచకా సర్దుకున్నాయి. రెండు బిళ్ళలు గేటు దగ్గర పొరపాటున తారుమారయ్యాయని మేస్త్రీ రాయించాడు. పై ఆఫీసరుకు సంగతి తెలియకపోలేదు. తీగ లాగితే డొంకంతా కదులుతుందని చూసీచూడనట్టు ఊరుకున్నాడు. ఆసుపత్రి పుస్తకంలో మా ఆయన పేరు కొట్టేసి అన్నయ్య పేరు రాశారు. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి. అన్నయ్యకు వించి పోయి, గేటు దగ్గర బిళ్ళలు తీసుకునే కుర్చీ ఇచ్చారు. అందరూ అమ్మయ్య అనుకున్నారు.

ఆ కుర్చీలో కూర్చున్న మొదటి క్రిస్మస్‌కి ఒక సంగతి జరిగింది. సరుకు మోసే కళాసీ ఎవరో ఇంకొకడి బిళ్ళ ఇస్తే, అన్నయ్య నెంబరు చూసి, తలెత్తి ముఖం చూసి, బిళ్ళ వెనక్కి ఇచ్చేశాడట. "ఇది నీది కాదు. నీది పట్రా" అన్నాడట. పండగ అడ్జస్ట్‌మెంటు ఆ రోజుతో సరి. తనవాళ్ళ పండగ నాడే మొదలుపెట్టాడని పోర్టులో అందరూ తిట్టుకున్నారు. మా ఆయన కూడా విసుక్కున్నారు. "కాలు పోనాక మడిసి మారిపోనాడు" అన్నారు. నేను మాట్లాడలేదు.

మాట్లాడకపోవడం నాకు అలవాటైపోయింది. ఆ ఏళ్ళలో నేను ప్రైవేటుగా బీఏ కట్టాను, తర్వాత బీఎడ్ చేశాను, బడిలో చేరాను. పెరట్లో అన్నయ్య కర్ర సంకలో పెట్టుకుని మొక్కలకు నీళ్ళు పోస్తుంటే, రోజూ కనబడేవాడు. గోడ దగ్గరకు వెళ్ళేదాన్ని. ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. నువ్వు వద్దన్నావు, అయినా నేను సంతకం పెట్టాను అనే రెండు ముక్కలు. గోడ దాకా వెళ్ళాక "ఎండ మండిపోతంది కదా అన్నయ్యా" అని వచ్చేసేదాన్ని. ఇంట్లో అరిసెలు వండితే మొదటి పళ్ళెం వాళ్ళకే. జంతికలు చేస్తే మొదటి డబ్బా వాళ్ళకే. ఆయన పిల్లలకు ఇంగ్లీషు నేనే ఉచితంగా చెప్పాను. ఆయన ప్రతిసారీ తీసుకుని, "ఎందుకు సెల్లెమ్మా ఇయన్నీ" అనేవాడు. ఇయ్యడానికి నా దగ్గర ఉన్నవన్నీ ఇస్తున్నాననుకున్నాను.

మధ్యలో ఒకసారి, ఎముకలకు కట్టు కట్టే ఒక ముసలాయన వీధిలోకి వచ్చి, అన్నయ్య కాలు సంగతి విని, "నా దగ్గరికి తెచ్చుంటే నిలబెట్టేవాణ్ణి" అని గొప్పలు పోయాడు. అటువంటివాళ్ళు అలాగే అంటారని నాకూ తెలుసు. అయినా ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. అన్నయ్య మాత్రం ఆ ముసలాయనకు మజ్జిగ ఇప్పించి పంపేశాడు.

ఎనభైల మొదట్లో మా ఆయనకు స్టీలుప్లాంటులో పని దొరికింది. అటువైపే ఇల్లు చూసుకున్నాము. సామాను ఎక్కించడానికి లారీ పొద్దున్నే వచ్చింది. వీధివాళ్ళంతా సాయం పట్టారు. అన్నయ్య మా అరుగు మీద, కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని, ఏది ముందు ఎక్కించాలో చెబుతున్నాడు. వదిన లోపల దారికి పెరుగన్నం కలుపుతోంది. మా ఆయన మంచి హుషారులో ఉన్నారు. లారీ డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి అన్నారు.

"మా బావని సూసినావా? కాలు పోయినా ఎంత బాగా అడ్జస్ట్ అయిపోనాడో. మరొకడైతే మంచం దిగీవోడు కాదు."

అన్నయ్య నవ్వాడు. మా ఆయన బీరువాకు తాడు కట్టించడానికి లోపలికి వెళ్ళారు. డ్రైవరు బీడీ కోసం పక్కకు వెళ్ళాడు.

"సెల్లెమ్మా, ఒకపాలి ఇలా రా" అన్నాడు.

వెళ్ళాను. చేతిలో దీపం బుడ్డి ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో అడుగుతున్నాడనుకున్నాను.

"మీ ఒదినకి సంతకం రాదు" అన్నాడు. "ఏలిముద్ర ఏత్తాది. మా పెళ్ళి నాడు సర్చి పుస్తకంలో కూడా ఏలిముద్రే."

ఆయన గొంతు పెంచలేదు. ఎండ గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఆసుపత్రి నుంచి పంపినప్పుడు కాయితాలన్నీ నా సేతికిచ్చినారు. అందులో అదీ ఉంది. ముత్యాల్లాగ రాసినావు."

"అన్నయ్యా, డాక్టరు గారు పానం పోతాదన్నారు. గంట కూడా ఆగలేమన్నారు..."

"తెలుసు. నీ జాగాలో నానున్నా పెట్టీవోణ్ణే. కాలు గురించి కాదు నాను సెప్తంది."

"మరి?"

"తియ్యొద్దని నీకొక్కదానికే సెప్పినాను. నువ్వు సరే అన్నావు. 'నువ్వొద్దన్నావు అన్నయ్యా, నానే ఇచ్చీసినాను' అని ఎప్పుడో ఒకపాలి నా ముందుకొచ్చి అంటావని సూసినాను. ఇన్నేళ్ళూ సూసినాను. గోడ దాకా వచ్చీదానివి. వచ్చి ఎండ గురించి సెప్పి ఎల్లిపోయీదానివి. ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ తెచ్చినావు. మీరందరూ కలిసి నాను ఊరుకుంటానని అనుకున్నారు. నాను కాలు లేకపోడానికి అలవాటు పడిపోనాను. దీనికే పడలేకపోనాను."

నేను అరుగు కింద నేల మీద కూర్చుండిపోయాను. ఆయనకు తెలియదన్న ధైర్యంతో నేను ఎనిమిదేళ్ళు హాయిగా బతికాను. ఆయనకు తెలుసు. తెలిసి, నేను తెచ్చిన ప్రతి పళ్ళెమూ అందుకుంటూ, ఈసారైనా అంటుందేమో అని నా ముఖం వైపు చూశాడు. ఆ చూపును నేను ఆప్యాయత అనుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు, భయం ఆసుపత్రిలో కూడా కలగలేదు.

ఏడుస్తూనే అన్నాను. "నువ్వొద్దన్నావు అన్నయ్యా. నానే ఇచ్చీసినాను."

ఆయన కర్ర తీసుకుని లేచాడు. లేవడానికి సాయం పట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"నానడిగినాక కాదు సెల్లెమ్మా" అన్నాడు.

వదిన పెరుగన్నం గిన్నె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మా ఆయన లారీలోంచి పిలిచారు. నేను ఎక్కి కూర్చున్నాను.